చేబదులు జాకెట్టు ముక్కలు

పోయినవాటి లెక్క ముందు చెప్తాను. జాకెట్టు ముక్కలు నలభై ఒకటి. బొంత మధ్యలో వేయడానికి ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఉంచిన పాత నూలు చీరలు మూడు. తెల్ల దారం ఉండలు ఆరు. సూదుల పొట్లం ఒకటి. అంచుకి వేద్దామని దాచిన ఎర్ర పట్టీ, పన్నెండు గజాలు. ఇవన్నీ పెట్టిన పెట్టె కూడా పోయింది. కాని దాని చక్రాలు రెండు అంతకుముందే ఊడిపోయాయి కనక దాన్ని సగమే లెక్కేస్తాను.

పోగొట్టింది ఏసీ. ఆ ఏడు మా ఆయన పని పోయింది. షిప్‌యార్డులో ఆయన పనిచేసే కాంట్రాక్టు కంపెనీ మనుషుల్ని సగానికి తగ్గించింది. యాభై రెండేళ్ళ ఫోర్‌మన్ కనక, తీసేసిన సగంలో పడ్డారు. ఇంటి ఖర్చుల్లో ఏవేవి ఆపొచ్చో చూసి నేను ఆపినవాటిలో ఏసీ సర్వీసింగ్ ఒకటి. మూడు నెలలకొకసారి మనిషి వచ్చి కడిగి వెళ్ళేవాడు. రెండుసార్లు వద్దన్నాను. నీళ్ళు బయటికి పోయే గొట్టం పాచిపట్టి పూడుకుపోయింది. ఆ నీళ్ళు గోడ వెంట దిగి, అమ్మాయి గదిలో బీరువా వెనకనుంచి కింది అరలోకి చేరాయి. అమ్మాయికి పాలిటెక్నిక్‌లో పరీక్షలు. ఏసీ వేసుకుని చదువుకుంది. గోడ వెంట దిగే నీళ్ళకి చప్పుడుండదు. ముక్కిపోయిన వాసన వస్తోందని నేను బీరువా తెరిచేసరికి దీపావళి రెండు వారాల్లోకి వచ్చేసింది.

పెట్టె తెరిస్తే గుడ్డలన్నీ ఒకే ముద్దగా చేతికొచ్చాయి. ఎర్ర ఖద్దరు ముక్క ఒకటి రంగు దిగి అన్నిటికీ అంటింది. దానిమీద నల్లటి బూజు చుక్కలు. వెనిగర్లో నానబెట్టాను, సోడాలో నానబెట్టాను, వేడినీళ్ళలో ఉడికించాను. బూజు పోయినచోటల్లా గుడ్డ కూడా పోయింది.

ఒక ఇంట్లో అన్ని జాకెట్టు ముక్కలు ఎందుకున్నాయని మన ఆడవాళ్ళెవరూ అడగరు. వాళ్ళ బీరువాల్లోనూ ఉంటాయి. పేరంటానికి పిలిస్తే బొట్టు పెట్టి, తాంబూలంతోపాటు ఒక ముక్క చేతిలో పెడతారు. ఇక్కడ ముక్క మూడు డాలర్లకి వస్తుంది, దాన్ని జాకెట్టుగా కుట్టించాలంటే ముప్పై అవుతుంది. కనక ఎవరూ కుట్టించరు. నాకు వచ్చింది నేను ఇంకొకరికి పెడతాను, ఆవిడ మరొకరికి పెడుతుంది. అలా ఆ ముక్కలు ఊరికి ఈ కొసనున్న వుడ్‌లాండ్స్ నుంచి ఆ కొసనున్న టాంపినీస్ దాకా, అక్కణ్ణించి మళ్ళీ ఇటు, మడత విప్పకుండా తిరుగుతూ ఉంటాయి. ఇందులో నియమం ఒక్కటే. పెట్టినవాళ్ళకే దాన్ని తిరిగి పెట్టకూడదు. పెడితే ఆ మాట పదేళ్ళు పడాలి.

అందుకని ఏ ముక్క ఎవరు పెట్టారో నేను మరిచిపోను. పెద్ద చదువేం లేదు, ఇంటర్ తప్పాను. లిటిల్ ఇండియాలో ఒక పచారీ కొట్టులో బిల్లులు సర్దుతూ సర్దుతూ లెక్కలు నాకు నేనే పట్టుకున్నాను. పగలు కొట్టులో అంకెలు, ఇంటికొస్తే ఇవి.

మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, బుకిట్ పంజాంగ్‌లో ఉంటారు. వాళ్ళ విజయనగరం వైపు అక్కని అప్ప అంటారు, ఆయన ఇప్పటికీ అలాగే పిలుస్తారు. వదిన భర్త బస్సు నడుపుతారు. ఆవిడ ఒక స్కూలు క్యాంటీన్‌లో వండుతారు. మా ఆయన్ని ఈ దేశానికి పిలిపించింది ఆవిడే. మా పెళ్ళికి ముందు ఆయన వాళ్ళ హాల్లో చాపమీద రెండేళ్ళు పడుకున్నారు. మా అత్తమామలు పోయి చాలా కాలమైంది. వదినకి పుట్టిల్లంటూ మిగిలింది యూ టీ పేటలో మా త్రీ రూమ్ ఫ్లాటే. అందుకని ఏటా దీపావళికి ఆయన అప్పకి చీర పెడతారు. బోనస్ వచ్చిన ఏడు పట్టు, రాని ఏడు నూలు. పెట్టని ఏడు లేదు.

పని పోయిన సంగతి తెలిశాక వదిన ఫోన్ చేశారు. ఆయన ఫోను బల్లమీద పెట్టి మాట్లాడుతుంటే నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"ఒరే తమ్ముడూ, ఈపాలి చీరా గీరా ఏటీ కొనకు. కొన్న కవరు చేతిలో కనిపించిందా, గేటు తియ్యను."

"మరి ఒట్టి చేతుల్తో రమ్మంటావేటి అప్పా?"

"చేత్తో చేసిందేదైనా ఉంటే తే. లేపోతే సుమ్మా వచ్చి మకాన్ చేసి పో, ఊరికే వచ్చి తిని పోతే చాలు. మేమూ ఏటీ కొనం. మీ బావతో చెప్పేశాను, ఆయనైతే సంబరపడిపోయాడు."

ఆవిడ నవ్వారు. ఈయన నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బల్లమీదున్న ఉల్లిపొట్టుని వేలితో ఒకచోటికి తోస్తూ కూర్చున్నారు. నేను కందిపొడి చేద్దామన్నాను. సున్నుండలు చేద్దామన్నాను. మినపప్పు కొట్టులో నాకు తక్కువకి వస్తుందని కూడా చెప్పాను.

"స్కూలు పిల్లలందరికీ వండి పెట్టే మనిషికి తిండి తీసుకెళ్ళి పెడతావేటి? తిండి తింటే అయిపోద్ది. తోబుట్టువుకి గుడ్డ పెట్టాలి. ఈ ఏడు గుడ్డ మానేశాననుకో, వచ్చే ఏడు మానడం ఇంకా తేలికవుద్ది. ఆపైన అప్పకి ఇక్కడ ఎవరున్నట్టు?"

 అప్పటినుంచీ మా ఇంట్లో దీపావళి అంటే ఆ ఒక్క గుడ్డే. కొనకూడదు, పెట్టకుండా ఉండకూడదు.

బొంత కుడదామన్నది ఆయనే. షిప్‌యార్డులో చేరిన కొత్తలో ఆయన పని వేడి పైపులకి చుట్టే మెత్తలు కుట్టడం. గాజునూలు గుడ్డ సంచుల్లో మెత్త కూరి, కొక్కెం లాంటి సూదితో జానెడుకొక ముడి వేసి బిగిస్తారు. ఫోర్‌మన్ అయ్యాక ఆ పని చేయలేదు కాని సూది మాత్రం దాచుకున్నారు. ఇంట్లో ఉన్న జాకెట్టు ముక్కలతో కుడితే ఖర్చు దారం ఒక్కటే.

ముక్కలు కత్తిరించనన్నారు. తోబుట్టువుకి పెట్టే గుడ్డకి కత్తెర తగలకూడదట. నేను లెక్క కట్టాను. పొరకి ఆరు నిండు ముక్కలు వేస్తే డబుల్ కాటుకి సరిపోతుంది. గుడ్డ పల్చన కనక పైన రెండు పొరలు, కింద రెండు. మొత్తం ఇరవై నాలుగు. మధ్యలో పాత చీరలు. ఇంట్లో యాభై ఏడు ముక్కలున్నాయి. అందులో వదిన నాకు పెట్టినవి పదహారు. వాటిని ఆవిడకి వెళ్ళే బొంతలో వేయడానికి లేదు కనక విడిగా తీసి, సంచిలో కట్టి, బీరువా పైన పెట్టాను. మిగిలిన నలభై ఒకటి, చీరలు, దారం, సూదులు, పట్టీ పెట్టెలో సర్ది కింది అరలో పెట్టాను.

కింది అర తడిసింది. బీరువా పైన సంచి పొడిగా ఉంది. అంటే మా ఇంట్లో మిగిలిన గుడ్డలు, ఆవిడకి పెట్టకూడని పదహారు మాత్రమే.

ఆయన ఆ సంచి దించి, ముక్కలన్నీ హాల్లో నేలమీద పరిచారు.

"పైన ఆరు, కింద ఆరు వేసినా ఇంకా నాలుగు మిగుల్తాయి. పల్చగా వస్తాది, వస్తే రానీ."

"అవి వదిన పెట్టినవి."

"కుట్టేశాక ఎవరు పోల్చుకుంటారు?"

"వదిన పోల్చుకుంటారు. నేనైతే పోల్చుకుంటాను."

అమ్మాయి గదిలోంచి తల బయటపెట్టింది. తన ఏసీ వల్లే ఇదంతా అని దానికి బాధగానే ఉంది, బయటికి మాత్రం తేలదు.

"రిలాక్స్ లా, నాన్నా. దీన్ని అప్‌సైకిలింగ్ అంటారు. నా ఫ్రెండ్స్ అందరూ చేస్తారు."

"అంటే?"

"పాతదాన్ని కొత్తగా చేసి ఇవ్వడం. వెరీ మీనింగ్‌ఫుల్."

"ఆ మాట మీ అత్తకి నువ్వు చెప్పు," అన్నాను. తల లోపలికి పోయింది.

నాకు ఆ వారం పోట్లాడే ఓపిక లేదు. దీపావళి ముందు కొట్టులో పండగ సరుకు దిగుతుంది. రోజంతా పెట్టెలు లెక్కపెట్టి, రైల్లో నిలబడి వచ్చి, మళ్ళీ ఇంట్లో గుడ్డలు లెక్కపెట్టాలంటే కళ్ళు మూతలు పడేవి. ఆయనకి సరేనని చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ముక్కలు మళ్ళీ పరుచుకుని, రంగులు ఎలా వేస్తే బాగుంటుందో మార్చి మార్చి చూసుకుంటున్నారు. గేటు చప్పుడైంది. వదిన. చేతిలో కరివేపాకు కట్ట, ఇంకో చేతిలో గొడుగు.

"తనిఖీకి వచ్చానే పిల్లా. నా తమ్ముడు దొంగతనంగా చీర కొనేశాడేమో చూసి పోదామని," అంటూ చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నేలవైపు చూసి ఆగిపోయారు. "ఇదేటి, బట్టల కొట్టు పెట్టారా?"

 ఆవిడ గొడుగు తలుపుకి ఆనించి, కిందికి వంగి మామిడిపండు రంగు ముక్క తీశారు.

"ఇది నేను పెట్టిందే."

పక్కది తీశారు. "ఇదీ నాదే. టెక్కా బజార్లో కొన్నాను, బేరమాడినందుకు ఆ కొట్టువోడు తిట్టాడు కూడాను." ఇంకోటి తీశారు. "ఇది నీ పిల్ల పుట్టినపుడు పెట్టాను." అలా మోకాళ్ళమీద జరుగుతూ ఆ చివరిదాకా వెళ్ళారు. లేచి నడుంమీద చెయ్యి వేసుకున్నారు.

"పదహారూ నావే. ఒక్కటంటే ఒక్కటి కుట్టించుకోలేదేటే?"

"కుట్టుకూలి ముప్పై డాలర్లు వదినా."

"ఆ సంగతి నాకు చెప్తావా?"

"నేను పెట్టినవి మీరు కుట్టించారా?"

అడగాలని అడగలేదు, అలసటలో నోరు జారింది. వదిన సోఫాలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఫ్యాన్ ఇంకో పాయింటు పెంచమన్నారు. పెంచాను.

"నా కాడ నీవి పంతొమ్మిదున్నాయి," అన్నారు చివరికి. "మడత విప్పలేదు."

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "మరి ఇన్నాళ్ళూ మీ ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఏటి పెట్టుకున్నారే?"

"బొట్టు," అన్నారు వదిన. "అది సరే. ఇవన్నీ ఇలా పరిచావెందుకు?"

ఆయనకి అబద్ధం రాదు. బొంత సంగతి, నీళ్ళ సంగతి, మిగిలినవి ఇవేనన్న సంగతి వరసగా చెప్పేశారు. చెప్తున్నంతసేపూ చేతిలో ఉన్న ముక్క అంచుని మడుస్తూ, విప్పుతూ ఉన్నారు. వదిన మొహంలో నవ్వు పోయింది.

"అంటే నాది తెచ్చి నాకే పెడదామనుకున్నావు."

"కుట్టి పెడతాను కదప్పా."

"కుట్టినా నాదే కదరా. పెట్టలేకపోతే మానెయ్. నేనే వద్దన్నాను కదా. మానేస్తే పుట్టింటోళ్ళకి ఈ ఏడు చెయ్యాడలేదనుకుంటాను. నాది నాకు తెచ్చిచ్చావనుకో, ఇన్నేళ్ళూ నేను పెట్టింది కూడా వద్దని తిప్పికొట్టినట్టు ఉంటాది."

ఆయన మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో ముక్కా మడతపెట్టి సంచిలో పెట్టడం మొదలుపెట్టారు. ఆ మడతపెట్టడం చూడలేకపోయాను. యార్డులో ఆఖరిరోజు తన లాకర్ సామాను ఇంటికి తెచ్చినప్పుడు కూడా అలాగే, తొందర లేకుండా, ఒక్కొక్కటే సర్దారు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను.

టీ తాగుతూ వదిన గోడవైపు చూస్తున్నారు. ఆవిడకి కూడా మనసులో తిప్పలుగానే ఉందని తెలుస్తోంది. వద్దన్నది ఆవిడే. కాని తమ్ముడు నిజంగా మానేస్తే ఎలా ఉంటుందో ఆ గుడ్డలు మడతపెట్టడంలో ఆవిడ కూడా చూసి ఉంటారు. కప్పు కింద పెట్టి నన్ను పిలిచారు.

"ఏటే, ఎన్ని కావాలన్నావు?"

"ఇరవై నాలుగు."

"నా బీరువాలో నీవి కాక ఇంకా బోలెడున్నాయి. క్యాంటీనోళ్ళు పెట్టినవి, గుడి పేరంటాల్లో వచ్చినవి. వాటిల్లోంచి ఇరవై నాలుగు చేబదులు తీసుకెళ్ళండి."

ఆయన తలెత్తారు. "నీ కాడ తెచ్చి నీకే పెట్టడం కాదేటి అదీ?"

"ఎలాగవుద్ది? పక్కింటామె దగ్గర తవ్వెడు బియ్యం చేబదులు తెచ్చావు. వండావు. ఆ పూట ఆమె వస్తే అన్నం పెట్టవా? ‘నీ బియ్యమే, నీకు పెట్టను’ అంటావా? ఆ అన్నం నీది. ఆమెకి నువ్వు బాకీ పడింది బియ్యం. అది మళ్ళీ కొలిచిస్తావు, తీరిపోద్ది."

"తిరిగివ్వకపోతే?"

"ఇవ్వకపోతే బియ్యం ఆమెవే, అన్నమూ ఆమెదే. అప్పుడు నువ్వు పెట్టినట్టు కాదు. అందుకే ఇచ్చి తీరాలి."

తర్వాత నావైపు తిరిగి షరతులు చెప్పారు. కొన్నవి తీసుకోరు. కొని ఇచ్చేట్టయితే మొదట్లోనే కొనమనేవారు కదా అన్నారు. ఎవరైనా నాకు బొట్టు పెట్టి చేతిలో పెట్టిన ముక్కలే తిరిగి ఇవ్వాలి. ఆవిడ నాకు పెట్టేవి ఆ లెక్కలోకి రావు. మాట్లాడినంతసేపూ నేను తలూపాను. నాకు ఇలాంటి లెక్కలు బాగానే అర్థమవుతాయి. వడ్డీ లేదు, గడువు లేదు, కాని ఏ నాణెంతో తీర్చాలో కచ్చితంగా ఉంది.

మర్నాడు కొట్టునుంచి తిన్నగా బుకిట్ పంజాంగ్ వెళ్ళాను. వదిన బీరువా తెరిచి నాచేత రెండుసార్లు లెక్కపెట్టించారు. బియ్యం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, నిద్రపోయి ఒక స్టాపు దాటిపోయాను.

చీరలు పోయాయి కనక మధ్యలో ఏం వేయాలన్న ప్రశ్న వచ్చింది. ఆయన తన లుంగీలు నాలుగు తీసి ఇచ్చారు. పక్కపక్కన రెండు వేస్తే కొలత సరిగ్గా సరిపోయింది, అలా రెండు పొరలు. పైన పన్నెండు ముక్కలు, కింద పన్నెండు. ముక్కలన్నీ ఒకే కొలతవి కావు. ఒకటి నాలుగువేళ్ళు పొట్టి, ఒకటి అంచు దగ్గర వంకర. వాటిని సమానం చేయడానికే ఒక పూట పట్టింది.

ఆ రోజుల్లో ఆయన పొద్దున సెక్యూరిటీ గార్డు ట్రైనింగ్‌కి వెళ్ళేవారు. నిప్పు అంటుకుంటే ఏం చేయాలో, ఎవరైనా తిడితే ఎలా ఊరుకోవాలో నేర్పేవారట. మధ్యాహ్నం వచ్చి బొంత ముందు కూర్చునేవారు. ఆ కొక్కెం సూది పల్చటి గుడ్డకి మరీ మొరటు. మొదట్లో నాలుగుచోట్ల గుడ్డ చిరిగింది. మెల్లగా చెయ్యి తిరిగింది. జానెడుకొక ముడి, ముడి బిగించినప్పుడల్లా ముక్కుతో ఒక చిన్న చప్పుడు. నేను కొట్టునుంచి వచ్చి, అన్నం వండి, ఆ చివర కూర్చుని అంచు కుట్టేదాన్ని. పట్టీ లేదు కనక గుడ్డనే లోపలికి మడిచి కుట్టాను.  అమ్మాయి వచ్చి సూదుల్లో దారం ఎక్కించి పెట్టి పోయేది. మాకిద్దరికీ దగ్గర చూపు తగ్గిపోయింది.

సంతోషంగా కుట్టామని చెప్పను. నడుం నొప్పితో, వేళ్ళు పొడుచుకుంటూ, ఎప్పుడైపోతుందా అనుకుంటూ కుట్టాం. దీపావళి ముందురోజు అయిపోయింది. ఆయన దాన్ని ఎత్తి, గడియారం కింద గోడకి ఆనించి పట్టుకుని నన్ను చూడమన్నారు. దూరంనుంచి బాగానే ఉంది.

పండగరోజు వాళ్ళింటికి వెళ్ళి వదినకి నేను బొట్టు పెట్టాను. ఆయన రెండు చేతులతో బొంత అందించారు. ఆవిడ తీసుకుని, సోఫామీద పరిచి, ఒక ముడి పట్టి లాగి చూశారు. అది చెక్కుచెదరలేదు.

"ఒరే, ఇది నేను కప్పుకోవాలా, ఓడలో పైపుకి చుట్టాలా?"

"నువ్వే కప్పుకో. పైపైతే బాగులేదని అనదు."

"లోపలేటి కుక్కావు, ఇంత బరువుంది?"

"నా లుంగీలు."

"ఛీ, దరిద్రుడా!"

"ఉతికినవే అప్పా."

వదిన నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయారు. సోఫా చేతిని పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. వాళ్ళాయన ఏమైందని వంటింట్లోంచి వచ్చారు. లుంగీల సంగతి విని తన లుంగీ ఒకసారి సర్దుకుని వెళ్ళిపోయారు. ఆపైన వదిన నన్ను కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, నా చేతిలో ఆకుపచ్చ జాకెట్టు ముక్క పెట్టారు.

"ఇది వదినా..." అన్నాను.

"ఇది ఇంట్లోదే, కొన్నది కాదు. లెక్కలోకి రాదు."

మర్నాడు ఆవిడ భర్త మా ఆయనకి ఫోన్ చేశారు. ఇక్కడి వేడికి బొంత కప్పుకోవడం ఎవరి తరం? అందుకని వదిన ఎప్పుడూ వేయని ఏసీ వేసి, పద్దెనిమిది డిగ్రీల్లో పెట్టి, బొంత కప్పుకుని పడుకున్నారట. "చలికి నేను హాల్లోకి వచ్చేశాను బావా," అన్నారాయన. "కరెంటు బిల్లు నీకు పంపుతాను." ఫోన్ పెట్టేశాక మా ఆయన రెండుపూటలా కడుపునిండా తిన్నారు. అప్పటికి చాలా రోజులైంది ఆయన అలా తిని.

ఆ తర్వాత ఆయనకి ఒక కాండోలో, డబ్బున్నవాళ్ళ అపార్టుమెంట్లలో, సెక్యూరిటీ పని దొరికింది. పన్నెండు గంటల డ్యూటీ, నిలబడి ఉండాలి. మరుసటి దీపావళికి అప్పకి మళ్ళీ చీర పెట్టారు, నూలుదే. వదిన తీసుకున్నారు. కళ్ళకద్దుకుని, పక్కన పెట్టి, నావైపు చూసి, "చీర వేరు, చేబదులు వేరు," అన్నారు. నేను సంచిలోంచి మూడు ముక్కలు తీసి ఇచ్చాను. ఎవరు ఎప్పుడు పెట్టారో చెప్పాను. ఆవిడ ఒక్కోటీ వెలుతురులో పట్టి చూసి తీసుకున్నారు.

ఆ మరుసటి ఏడు నాలుగు ఇచ్చాను. మూడో ఏడు ఆరు పట్టుకెళ్ళాను, రెండు తిప్పి ఇచ్చేశారు. వుడ్‌లాండ్స్‌లో ఒకావిడ నాకు పెట్టిన ముక్కలు అవి. వాటిని ఆ వుడ్‌లాండ్స్ ఆవిడకి పెట్టింది వదినేనట. "నా ఇంట్లోంచి బయల్దేరి ఊరంతా తిరిగి వచ్చింది, అదెలా తీసుకుంటానే?" అన్నారు. ఆవిడ అన్నది న్యాయమే. నాలుగే జమ అయ్యాయి.

మా ఆయన దీనికి వేరే అర్థం చెప్తారు. అప్ప ఈ బాకీ తీరనివ్వదు, తీరితే మనం వెళ్ళడం తగ్గిస్తామని ఆవిడ భయం అంటారు. కావచ్చు. నాకు అంత దూరం ఆలోచించే ఓపిక లేదు. కొట్టులో ఎవరి బాకీ అయినా పాతబడితే నాకు నిద్రపట్టదు, ఇదీ అంతే. ఒకసారి విసుగొచ్చి, టెక్కాలో ఒకేసారి కొనేసి ఎవరిచేతనైనా బొట్టు పెట్టించుకుని తెచ్చేద్దామా అనుకున్నాను. కొట్టు మెట్లదాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

ముక్కలు వచ్చే దారి ఇప్పుడు సన్నబడిపోయింది. వచ్చినవాటిలో సగం నేను మా ఇంటికి వచ్చినవాళ్ళకి పెట్టాలి. పైగా జాకెట్టు ముక్కలు పెట్టేవాళ్ళే తగ్గిపోయారు. ఎవరూ కుట్టించుకోవడం లేదు కదా, వస్తువైతే పనికొస్తుంది అంటున్నారు కొత్తగా వచ్చిన అమ్మాయిలు. వాళ్ళ మాట కూడా నిజమే. ఈ ఏడు శ్రావణమాసంలో రెండు పేరంటాలకి వెళ్ళాను. ఒకచోట మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. ఇంకోచోట చిన్న స్టీలు గిన్నె. వదినని అడిగాను, గిన్నె తీసుకుంటారా అని. గిన్నెలు నేను చేబదులు ఇవ్వలేదు కదే అన్నారు.

ఇప్పటికి ముట్టినవి పదకొండు. ఇంకా ఇవ్వాల్సినవి పదమూడు.